కాగ్నా ఒడ్డున దిక్కుమాలిన రేవులు

పొద్దుగాల లేవంగనే, ముఖం కడుగకముందే ఫోన్ చేతులకు తీసుకుంట నేను. ఎనభై దాటిన ముసల్దానికి గిదేం రోగమని కోడలు నవ్వుతది గాని, మోకాళ్లు పోయినోళ్లకు ఫోనే కాళ్లు అన్న సంగతి నా ఈడోళ్లకు చెప్పక్కర్లేదు. మొన్న గట్లనే చూస్తుంటే ఒక వీడియో వచ్చింది. మొగుడు పెండ్లాలిద్దరు, మన తెలుగోళ్లే, తెల్లటి తెరచాప పడవ కొనుక్కొని ఏవేవో సముద్రాలు తిరుగుతున్నరు, దిగిన ప్రతి రేవుకు వంక పెడుతున్నరు. ఒక కాడ తానానికి వేడినీళ్లు రాలేదట, ఇంకో కాడ తాడు అందుకునేటందుకు మనిషి రాలేదట, మూడో కాడ ఆఫీసాయన మొఖంల నవ్వు లేదట. ఆ పిల్ల ముక్కు మూసుకొని, గింత ఛండాలమైన రేవు లోకంల ఎక్కడ ఉండదు అన్నది చూడుండ్రి, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను చూసిన రేవులు నువ్వు చూడలేదు బిడ్డా అని కింద రాద్దామని మొదలువెట్టిన, వేలు ఆగలేదు, గిదిగో ఇంత పొడుగైంది.

అరవైల్ల ముచ్చట. నేను పుట్టింది పెరిగింది పట్నంల. చిన్నప్పుడు మా నాయన ఆదివారం ట్యాంక్‌బండ్ మీదికి తోలుకపోతే, హుస్సేన్‌సాగర్ల తెల్ల తెరల పడవలు కొంగల లెక్క తేలుతుండేటియి, తెల్ల బట్టలేసుకున్న దొరబాబులు మెట్ల మీద దిగుతుండేటోళ్లు. పడవ అన్నా రేవు అన్నా నా కండ్ల ముందట గదే బొమ్మ. నర్సు ట్రైనింగ్ కాంగనే మొదటి కొలువు వికారాబాద్ల ఇచ్చిండ్రు. ఆడి గాలికి రోగాలు పోతయని అందరు అనేటోళ్లు గాని నాకైతే రోగం పట్టినట్టే ఉండె. నోటికి నచ్చిన చాయ్ దొరకది, సాయంత్రం ఏడైతే బజారు మూత, ఎవ్వలను చూసినా చిరాకు. నా నోరు గూడ మంచిది కాదు అప్పట్ల. మా అమ్మ అంటుండె, నీ నాలుక మీద నిప్పు పెట్టి కన్ననే అని.

ఆ ఏడు వానలు కుమ్మరిచ్చినయి. తాండూరుకు కింద, బషీరాబాద్ దిక్కు కాగ్నా ఒడ్డున ఒక ఊర్ల గత్తర తగిలిందని కబురొచ్చింది. గత్తర అంటే కలరా, ఇప్పటి పిల్లలకు ఉత్త తిట్టుమాట గాని మనకు ఎరికే అదేందో. పొద్దున వాంతులు విరేచనాలు మొదలైతే పొద్దుగూకే వరకు మనిషి ఎండిన కట్టె అయితడు. డాక్టర్ సాబ్ సెలైన్ సీసాలు, సూదిమందు ఒక రేకు పెట్టెల సర్ది నన్ను రైల్ల తాండూరుకు తోలిండు. తాండూరుల దిగితే నల్లరేగడిల బండి ఇరుసు దాకా కూరుకపోతున్నది, ఏ బండాయన గూడ రానన్నడు. ఇగ వాగు ఎంబడి పడవల పోవుడే అన్నరు. పడవ అనంగనే నేను లోపల లోపల జర ఖుషీ అయిన, అబద్ధమెందుకు.

రేవుకు పోయి చూస్తే ఆడ పడవ లేదు, మెట్లు లేవు, ఒక పెద్ద గంప ఉన్నది. బొంగు బద్దలతోని అల్లి, కింద ఎద్దు తోలు కుట్టి, మీద తారు పూసిన గుండ్రటి పుట్టి. తడిసిన తోలు కంపు, తారు కంపు, అంతకు ముందు దాటిపిచ్చిన మేకల పెంటికలు ఇంకా అడుగునే ఉన్నయి. నాకు ఆడనే డోకొచ్చింది.

పుట్టి నడిపేటాయన భీమా నది దిక్కు మనిషి, సగం కన్నడం సగం తెలుగు. వానకాలం పెండ్లాంతోని వచ్చి తాండూరు కాడ జనాన్ని ఈ ఒడ్డుకెళ్లి ఆ ఒడ్డుకు దాటిపిస్తడు, గంతే. వాగు ఎంబడి కిందికి ఆయన ఎన్నడు పోలేదు, పొంగిన వాగుల ఎవ్వడు పోడు గూడ. అయినా ఒప్పుకున్నడు. ఎందుకంటే గత్తర తగిలిన ఊరు ఆయన బిడ్డను ఇచ్చిన ఊరు. కబురు తెచ్చిన మనిషి, మంచం పట్టినోళ్లల్ల ఆ పిల్ల పేరు గూడ చెప్పిండు. పెట్టెను గోనెసంచుల మీద పెట్టి తాడుతోని రెండు చుట్లు కట్టిండు.

ఇగ బయలెల్దామంటే ఆయన పెండ్లాం ఆపింది. పుట్టికి మొక్కకుండ పొంగిన నీళ్లల్ల దించొద్దట. అంచు చుట్టూర యాప కొమ్మలు కట్టింది, నిమ్మకాయలు గుచ్చింది, పసుపు నీళ్లు పుట్టి మీద చల్లి, అదే చేత్తోని నా మీద గూడ కుమ్మరిచ్చింది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నా తెల్ల చీర పచ్చగైంది. నేను గయ్యిమన్న. ఆమె నా కాళ్ల మీద చెయ్యి పెట్టి, “కోపం జెయ్యకు యవ్వా, నా బిడ్డ కాడికి సల్లంగ చేరాలె” అన్నది. యవ్వా అంటే వాళ్ల దిక్కు అమ్మా అన్నట్టు. నేను మొఖం అటు తిప్పుకొని కూసున్న.

గుండ్రటిది కదా, తిన్నగ పోదు పుట్టి, తిరగలి లెక్క తిరుగుకుంట పోతది. గంట కాకముందే అడుగున నీళ్లూరినయి. అవి తోడిపోసి దమ్ము తీసుకునేటందుకు ఆయన ఒక ఊరి రేవు కాడికి మలిపిండు. రేవంట రేవు! సచ్చిన దూడ ఒకటి ఉబ్బి పొదకు తట్టుకొని ఉన్నది, ఈగలు జుమ్మంటున్నయి. దాని పక్కన్నే బర్రెలు పొర్లుతున్నయి, ఇంకో పక్కన ఎవరివో పక్కబట్టలు జాడిస్తున్నరు, నాలుగడుగులు కిందికి ఆడోళ్లు అవే నీళ్లు బిందెలల్ల ముంచుకుంటున్నరు. ఛీ, మనుషులేనా వీళ్లు అనుకున్న. మమ్ముల చూడంగనే ఆ ఆడోళ్లు బిందెలు ఆడనే ఇడిసిపెట్టి కెవ్వుమని ఒడ్డెక్కి ఉరికిండ్రు. ఒక్కడు రాలేదు సాయానికి. నర్సును చూసి గింత భయమేందని నాకు గుస్స వచ్చింది.

దాని కింది ఊరు ఇంకా ఘోరం. మోకాలి లోతు బురద, పెండ, ఊరి మోరీ అంతా తెచ్చి అందుల్నే కలిపిండ్రు. ఆడ మొగోళ్లు కట్టెలు పట్టుకొని వరుసగ నిలబడ్డరు, ఒకడు పొడుగు గడకర్రతోని మా పుట్టిని మళ్లీ వాగు నడుమకు నూకిండు. నీళ్లన్న తాగనియ్యుండ్రి అంటే మట్టిపెడ్డలు విసిరిండ్రు, ఒకటి వచ్చి నా చెవి మీద తగిలింది. పుట్టాయనకు గూడ సమజ్ అయితలేదు, వాన దెబ్బకు దొంగలు తిరుగుతున్నరేమో అనుకున్నడు పాపం. నాకైతే ఒకటే అనిపించింది. ఈ రేవులను, ఈ మనుషులను వాగు ఊడ్చుకపోతే పీడ పోతది.

పొద్దు నడినెత్తి దాటినంక ఆయన బిడ్డ ఊరు కనపడ్డది. ఆయన గొంగడి తల మీద కొప్పెర పెట్టుకొని లేచి నిలబడి తెడ్డు గట్టిగ ఏస్తున్నడు. ఒడ్డు మీద ఊరంత గుమిగూడి ఉన్నది. ముందట ఒక ముసలవ్వ, చీపురు తీసుకొని చాట మీద దబదబ కొట్టుకుంట, “పోవమ్మా పో, పైఊరోళ్లు సాగనంపిన తల్లివి, మా ఊర్ల దిగకు, నీ కాళ్లు మొక్కుత, కిందూరికి పో!” అంటున్నది. కాళ్లు మొక్కుత అనుకుంటనే పెండముద్దలు తీసి నా మీద విసురుతున్నది. ఒకటి సక్కగ వచ్చి నా ముక్కు మీద పడ్డది. ఇగ నాకు ఒళ్లు తెలువలేదు. తిరుగుతున్న పుట్టిల లేచి నిలబడ్డ, జుట్టు ఊడి మొఖం మీద పడ్డది, పసుపు చీర తడిసి ఒంటికి అతుక్కున్నది, చెయ్యి చాపి గొంతు చించుకొని అరిచిన.

“చస్తరు! ఊరంత చస్తరు!”

చాట సప్పుడు ఆగింది. ఒక్కొక్కరు బురదల బోర్లపడి దండం పెడుతున్నరు. ముసలవ్వ చేతులకెళ్లి చీపురు జారిపోయింది.

పుట్టాయన నా దిక్కు చూసిండు, కొమ్మల దిక్కు చూసిండు, నెత్తి కొట్టుకొని అప్పుడు చెప్పిండు. గత్తర వచ్చిన ఊరోళ్లు యాపకొమ్మలు పసుపు కట్టి గత్తర తల్లిని వాగుల సాగనంపుతరట, ఆమె ఏ రేవుల ఆగితే గత్తర ఆ ఊర్ల దిగుతదట, గందుకే ప్రతి ఊరు కిందికి నూకుతదట. ఆయన పెండ్లాం బిడ్డ కోసం కట్టిన మొక్కు, పైనుంచి వచ్చేసరికి గదే తల్లి పుట్టి అయి కూసున్నది. నేనేమో పసుపు చీరల దాంట్ల నిలబడి శాపం పెట్టిన.

ఆయన గొంగడి తీసి పారేసి, “నేను వదినా, నీ వియ్యంకుణ్ణి!” అని అరిచిండు. ఆ ముసలవ్వ ఆయన బిడ్డకు అత్త.

“పండుగకు రా రా అంటే ఒక్కనాడు రాకపోతివి,” అన్నది ఆమె, “ఇయ్యాల వస్తివి గత్తరను ఎంబడేసుకొని! ఆ కొమ్మలతోని నా వాకిట్ల అడుగుపెడితే కాళ్లిరగ్గొడత.”

ఆయన ఒక్కొక్క కొమ్మను ఊడదీసుడు మొదలుపెట్టిండు. పెండ్లాం గట్టిగ ముడేసింది, తడికి బిగుసుకున్నది, పండ్లతోని కొరికి ఇప్పవట్టిండు. బిడ్డ కోసం తల్లి కట్టినయి, తన చేత్తోనే నీళ్లల్ల ఇడుస్తున్నడు. ఆఖరి నిమ్మకాయను జరసేపు గుప్పిట్ల పట్టుకున్నడు. నేను పెండ తుడుచుకుంట చూస్తున్న.

అప్పుడు దిగనిచ్చిండ్రు. ఆ రేవు చెప్పొద్దు, రోగం బట్టలు ఉతికిన నీళ్లల్లకెళ్లే నడవాలె, కాళ్లకింద మెత్తగ ఏం తొక్కుతున్ననో చూడలేదు. ఇంటికి పోతే నులక మంచం మీద ఆ పిల్ల, కండ్లు గుంతలు పడ్డయి, చర్మం పట్టి లాగితే లాగినట్టే ఉంటున్నది. సీసా దూలానికి కట్టి సూది తీసేసరికి ముసలవ్వ అడ్డం నిలబడ్డది.

“నోరు జారినవ్ గదా, ఆ తిట్టు ఆ నోటితోనే ఎనుకకు తీసుకో.”

“నేను తల్లిని గాదు అవ్వా, నర్సును. గవర్నమెంటు జీతం తీసుకుంట. తిట్టుతోని ఎవ్వరు సావరు.”

“తల్లివి గాకుంటే ఏంది, తిట్టు తిట్టే గదా.”

నాకు మళ్లీ మండింది. గీ మూర్ఖుల ముందట తలొంచాల్నా, గింత చదివి! పెండ కంపు ఇంకా నా ముక్కుల ఉన్నది. గాని ఆ పిల్ల పెదవులు నల్లగైతున్నయి, పుట్టాయన గడప కాడ కుక్కగొంతు కూసొని నా దిక్కే చూస్తున్నడు. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టిన, ఐసు లెక్క ఉన్నది. సల్లంగుండు బిడ్డా అన్న. ముసలవ్వ పక్కకు జరిగింది. నరం దొరుకుటానికి మూడు సార్లు గుచ్చిన.

ఇగ ఊరంత వాకిట్ల వరుస కట్టింది. జబ్బ చాపరు, ముందుగాల తల వంచుతరు, నేను చెయ్యి పెట్టి సల్లంగుండు అంటేనే సూది వేసుకుంటరు. మొదట్ల పండ్లు కొరుక్కుంట అన్న. పొద్దు గూకేసరికి గొంతు పోయింది, ఉత్త పెదవులు కదిలిస్తున్న. ఏ మనిషి కాడ నేను నిజంగ అనుడు మొదలుపెట్టిన్నో నాకే తెల్వదు. ముసలవ్వ ఆఖరుకొచ్చింది. నా నెత్తి మీద పెండ ఇంకా ఉన్నదని తన కొంగుతోని తుడిచి, అప్పుడు తల వంచింది.

మర్నాడు తెల్లారి ఆ పిల్ల తాగేటందుకు జొన్న గట్క నీళ్లు అడిగింది. పుట్టాయన గోడ దిక్కు తిరిగి చేత్తోని మొఖం తుడుచుకున్నడు. ముసలవ్వ మాత్రం, “తినుటానికి లేచింది సూడు నీ బిడ్డ, పనికి ఎన్నడు లేస్తదో” అని కండ్లు ఒత్తుకున్నది.

తర్వాత ఎన్నేండ్లు కొలువు చేసిన్నో, ఎన్ని ఊర్లు తిరిగిన్నో. కాగ్నా మీద వంతెనలు వచ్చినయి, ఆ రేవులల్ల ఇప్పుడు ఆగేటోళ్లే లేరు, ఎండకాలం ఇసుక తప్ప నీళ్లుండయి. గత్తర పోయింది, మంచిదాయె, ఆ కంపు రేవులు పోయినందుకు నాకు రవ్వంత గూడ బాధ లేదు. పోయినేడు మా మునిమనుమనికి సూది ఏపిస్తుంటే, అలవాటుకొద్దీ వాని నెత్తి మీద చెయ్యి పెట్టి సల్లంగుండు అన్న. నర్సుపిల్ల చెవులల్ల పెట్టుకున్న ఫోన్ వైరు తీసి, “నన్నేమన్న అన్నరా అవ్వా?” అని అడిగింది. ఏం లేదు బిడ్డా, నీ పని నువ్వు చేసుకో అన్న. సూది వాని తొడల దిగింది, ఎవ్వల మాట కోసం ఆగలేదు. అట్లనే ఉండాలె గూడ. గాని ఇంటికొచ్చిందాక నా చెయ్యి ఖాళీగ అనిపించింది. ఇయ్యాల నా తిట్టు ఎవ్వలకు తగలది, నా దీవెన కోసం గూడ తల వంచి నిలబడేటోళ్లు లేరు.