మామగారి దొంగ నడకలు

మామగారికి ఒకటే జబ్బు. ఏ ఇంగ్లీషు క్రియనైనా తాను స్వయంగా నడిచి చూస్తే తప్ప తెలుగులోకి దించరు.

ఆయన వృత్తి డిటెక్టివ్ నవలల అనువాదం. ఆ నవలల్లో ఒక్కడూ తిన్నగా నడవడు. ఒకడు క్రీప్ అవుతాడు, ఒకడు స్లింక్ అవుతాడు, ఇంకొకడు పేజీ పొడుగునా లర్క్ అవుతూనే ఉంటాడు. తక్కిన అనువాదకులు వీళ్ళందరినీ ఒకే గాటన కట్టి, "మెల్లగా వెళ్ళాడు" అని రాసి చేతులు దులుపుకుంటారు. మామగారికి అది ఘోరమైన అన్యాయంగా తోచేది. దొంగైనా సరే, ఎవడి నడక వాడికి ఇవ్వాలన్నది ఆయన సిద్ధాంతం.

"స్నీక్ వేరు, స్లింక్ వేరు" అని భోజనాల దగ్గర గంభీరంగా చెప్పేవారు. "స్నీక్ చేసేవాడు పట్టుబడతానేమోనని భయపడుతుంటాడు. స్లింక్ చేసేవాడు అప్పటికే సిగ్గుపడి ఉంటాడు. లర్క్ అంటే అసలు కదలకూడదు, మాటు వేసి ఉండాలి. ప్రౌల్ అంటే ఏం దొరుకుతుందా అని ఆకలిగా తిరగాలి."

"ఆ చివరిదానికి ఇంగ్లీషు దేనికి? మీరు రోజూ వంటింట్లో చేసేదేగా" అనేవారు అత్తగారు వడ్డిస్తూ.

ఆయన పరీక్షా పద్ధతి చాలా కచ్చితమైనది. ఎవరైనా పనిలో మునిగి ఉండగా వాళ్ళ వెనకనుంచి, గది ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ క్రియ ప్రకారం నడవాలి. వాళ్ళు తిరిగి చూశారా, ఫెయిల్. ఫలితం నోటుబుక్కులో పేరుతో సహా ఎక్కుతుంది. చిక్కల్లా ఆయన మోకాళ్ళతోనే వచ్చింది. మనిషి భారీ. అడుగు తీసి అడుగు వేస్తే ఆ మోకాళ్ళు వేరుశెనగకాయలు చిదిమినట్టు టక్కు టక్కుమనేవి. గోడ అవతల మిషను కుట్టుకునే దర్జీ తల ఎత్తకుండానే, "ఏం మాస్టారూ, ఇవాళ ఏ క్రియ?" అని అడిగేవాడు.

"టిప్‌టో" అని మునివేళ్ళ మీదే నిలబడి దిగులుగా జవాబిచ్చి, మామగారు దర్జీ పేరు కింద కూడా ఫెయిల్ వేసుకునేవారు.

ముప్పై ఏళ్ళుగా వరసపెట్టి తప్పుతున్న ఆ మనిషిని మొదటిసారి పాస్ చేసింది కొత్త కోడలు. ఆమె బీరువా సర్దుకుంటుండగా ఆయన పిల్లిలా ఒంగి క్రీప్ అయ్యారు. తిరగలేదు. మర్నాడు స్లింక్. తిరగలేదు. ఆయన ఇల్లంతా చాటుకున్నారు.

"ఇన్నాళ్ళకు నా క్రియలకో రసజ్ఞురాలు దొరికింది."

"పాపం, మర్యాదకి ఊరుకుని ఉంటుంది" అన్నారు అత్తగారు.

మూడోనాడు చాటుగా నక్కుతూ స్కల్క్ చేస్తూ ఆయన స్టూలును తన్నారు. అది దభాలున పడింది. కోడలు చీర మడతపెడుతూనే ఉంది. ఆ రోజు మామగారు ఎవరికీ ఏమీ చాటలేదు.

ఆమెకు వినపడలేదు. చిన్నప్పటి జ్వరంలో కుడి చెవి పోయింది. ఏడాదిగా ఎడమదీ మందగిస్తోంది. "ముందు పెళ్ళి కానీ, తరవాత మెల్లగా చెప్పుకోవచ్చు" అంది తల్లి. పెళ్ళయి మూడు నెలలైంది. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. మాట వినపడనప్పుడల్లా ఆమె నవ్వి ఊరుకునేది. దాంతో ఇంట్లో అందరూ పిల్ల నెమ్మదస్తురాలని మెచ్చుకున్నారు. భర్త మంచివాడే. అందుకే మరీ భయం. "దాచిపెట్టి చేశారన్నమాట" అని అతను ఒక్కమాట అంటే చాలు, తను తట్టుకోలేదు. అలాంటిది, మామగారు తన వెనకాల తిరిగి పరీక్షలు పెడుతున్నారని అత్తగారు నవ్వుతూ చెప్పిననాటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

దానికి తోడు మామగారి చాదస్తం కొత్త దారులు తొక్కింది. గాలి సరిగ్గా రావడం లేదని కుర్చీలన్నీ మార్చి, అందరూ కోడలికి ఎడమవైపు వచ్చేలా కూర్చోబెట్టారు. ఆమె గదిలోకి వచ్చేముందు కరెంటు ఉందో లేదో చూస్తున్నానంటూ లైటు రెండుసార్లు వేసి ఆర్పేవారు. భోజనాల దగ్గర ఎవరేమన్నా ఆమె వైపు తిరిగి, అదే మాట గట్టిగా మళ్ళీ అనేవారు.

"వీడు నీళ్ళు ఇలా ఇవ్వమంటున్నాడు. నీళ్ళు అడగడంలో తప్పేం లేదు."

"నేనన్నది నువ్వెందుకు మళ్ళీ అంటావు నాన్నా?" అని కొడుకు విసుక్కున్నాడు.

"అనువాదకుణ్ణిరా. ఒకరన్నది ఇంకోసారి చెప్పుకునే బతికాను."

ఒక మధ్యాహ్నం వరండాలో ఆమె ఒక్కతే ఉండగా మామగారు ఎదురుగా నడిచి వచ్చారు. కుర్చీ ఎదురుగా వేసుకుని కూర్చుని నోటుబుక్కు తెరిచారు.

"అమ్మాయీ, నీ పేరు కింద మూడు పాసులున్నాయి. కొట్టేస్తున్నాను."

"ఎందుకు మామయ్యగారూ?"

"స్టూలు పడ్డా తిరగనివాళ్ళ దగ్గర పాసవడం నా ప్రతిభ కాదమ్మా."

"ఆయనకు చెప్పేశారా?"

"లేదు. ఆ మాట నీది. ఎవరైనా అనకముందే అనువాదం చేసే అలవాటు నాకు లేదు."

"ఆయన నన్ను వద్దంటే?"

"పుట్టినప్పటి నుంచి తండ్రి ఇంట్లో దొంగలా తిరుగుతుంటే భరించినవాడు. ఆపాటి దానికి వద్దంటాడా?"

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఈ ఇంట్లో తన కోసం ఒక మనిషి ఇన్నాళ్ళూ చాదస్తం ఒలకబోస్తున్నాడని అప్పటికిగాని తెలియలేదు.

సాయంత్రం భర్త ఆఫీసు నుంచి రాగానే చెప్పేసింది. అతను మంచం మీద ఆమెకు కుడిపక్కన కూర్చుని ఉన్నాడు. అతని పెదవులు కదిలాయి. ఆమెకు అందలేదు. అలవాటు ప్రకారం నవ్వబోయి, ఆపుకుంది.

"ఏమన్నారు? నాకు వినపడలేదు."

అతను లేచి, మంచం చుట్టూ తిరిగి, ఎడమవైపు వచ్చి కూర్చున్నాడు.

"మూడు నెలలు ఒక్కదానివే భయపడ్డావా అన్నాను."

నెల తిరక్కుండా చెవికి మిషను వచ్చింది. మర్నాడు ఆమె బట్టలు ఇస్త్రీ చేస్తోంది. వెనకాల టక్కుమంది. కాసేపాగి మళ్ళీ టక్కుమంది. తిరిగి చూస్తే మామగారు ఒక కాలు పైకెత్తి, చేతులు చాపి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు.

"దొరికిపోయారు మామయ్యగారూ."

"ఏం వినపడింది?"

"మోకాళ్ళు. రెండూ."

ఆయన ఎత్తిన కాలు దించడం కూడా మరిచిపోయి గోడ పట్టుకున్నారు. "ఏమోయ్, కోడలు నన్ను పట్టేసుకుంది" అని వంటింటివైపు కేకేశారు.

"ఎవరు పట్టుకోలేదు గనక" అన్నారు అత్తగారు లోపల్నుంచి.

మామగారు అదేమీ పట్టించుకోలేదు. నోటుబుక్కు తీసి కోడలి పేరు కింద గుండ్రటి అక్షరాలతో ఫెయిల్ అని రాసి, కింద రెండు గీతలు గీసి, గోడ దగ్గరికెళ్ళి దర్జీకి కూడా చూపించి వచ్చారు.