మౌనిక ఫొటోల్లో పెదనాయిన

2007 వేసవి. మిర్యాలగూడ స్టేషన్ రోడ్డులోని నా స్టూడియోకు కంప్యూటర్ వచ్చి మూడేళ్ళయింది. కొత్త ఫొటోలు తీసే పని తగ్గి, పాత ఫొటోలకు పాట జతచేసి సీడీ చేసిచ్చే పని పెరిగిన రోజులవి. ముందు ఫొటోలను స్కానర్ మీద పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. తెర అడుగున టైమ్‌లైన్ అనే పొడవాటి పట్టీ ఉంటుంది. దాని మీద ఫొటోలు వరసగా పేర్చి, కింద పాట పరచాలి. ఏ పనికి ఎన్ని ఫొటోలు, ఒక్కొక్కటి ఎన్ని సెకన్లు అన్నది డైరీలో రాసుకునేవాణ్ణి కాబట్టి ఈ సంగతి ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను.

సైదులు లారీ డ్రైవరు. మిల్లుల నుంచి బియ్యం వేసుకొని దూర రాష్ట్రాలకు వెళ్ళేవాడు. ఊరు గరిడేపల్లి దగ్గర. కూతురు మౌనికకు ఓణీల ఫంక్షన్ పెట్టుకొని, ఆ పిల్లను వెంటబెట్టుకొని వచ్చాడు. తెచ్చినవి ముప్పై రెండు ఫొటోలు. పాట నాలుగున్నర నిమిషాలు. ఫొటోకు ఎనిమిది సెకన్ల చొప్పున సరిపోతుందన్నాను.

"ఒక్క పని సారూ," అన్నాడు సైదులు. "గిండ్ల మా అన్న ఉన్నడు. ఆయన్ని తీసెయ్యాలె."

అన్న పేరు వెంకన్న. కాలువ నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి, రెండేళ్ళుగా అన్నదమ్ములకు పలకరింపులు లేవు. ఫంక్షన్‌కు కూడా పిలవడం లేదట.

"పెదనాయిన రాకపోతే నేను ఓణీ కట్టుకోను," అంది మౌనిక.

"నువ్వు కట్టుకోకుంటే మీ అమ్మ కట్టుకుంటది. ఊకో."

ఫొటో అంచును కత్తిరించడాన్ని క్రాప్ అంటారు. అంచున నిలబడ్డ మనిషినైతే అలా తీసేయవచ్చు. వెంకన్న అంచున లేడు. జాతరలో పిల్లను భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. బడిలో వేసిన రోజు చెయ్యి పట్టుకున్నాడు. సైకిల్ నేర్పుతూ సీటు పట్టుకున్నాడు. లెక్కపెడితే ఇరవై ఒక్క ఫొటోల్లో ఆయనే. సైదులు ఉన్నవి రెండు.

"ఆయన్ని తీస్తే పాప గాల్లో ఉంటది సైదులూ. ఆ ఫొటోలే వద్దనుకుంటే పదకొండు మిగులుతయి. ఒక్కోటి ఇరవై నాలుగు సెకన్లు చూపియ్యాలె. చూసేటోళ్ళు నిద్రపోతరు."

"ఏదన్న ఉపాయం చెయ్యి సారూ. కంప్యూటర్ల అన్ని అయితయంటరు గదా."

నాకు తోచిన ఉపాయం చేశాను. సాఫ్ట్‌వేర్‌లో రకరకాల పూల బొమ్మలు ఉంటాయి. పెద్ద గులాబీని తీసి వెంకన్న ముఖం మీద కూర్చోబెట్టాను. ఇరవై ఒక్క ఫొటోలకు ఇరవై ఒక్క గులాబీలు. రెండు రోజులు పట్టింది. పువ్వు మెల్లగా విచ్చుకునేట్టు కూడా చేశాను. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది.

మూడో రోజు పొద్దున తండ్రీ కూతుళ్ళు వచ్చారు. పాట పెట్టాను. నాలుగో ఫొటోకే మౌనిక లేచి నిలబడింది.

"అంకుల్, మా పెదనాయిన మొకం మీద పువ్వేంది? సచ్చిపోయినోళ్ళకు గదా పూలు పెట్టేది?"

పాట ఆపేశాను. పోయినవాళ్ళ ఫొటోలకు ఎన్నో దండలు అతికించి ఇచ్చినవాణ్ణి, ఆ మాత్రం నాకు తట్టలేదు. సైదులు కుర్చీని తెర దగ్గరికి జరుపుకున్నాడు.

"మా అన్న మంచిగున్నడు సారూ," అన్నాడు. "ముందుగాల ఆ పువ్వు తీసెయ్యి."

వాళ్ళ ముందే ఒక్కొక్కటీ తీయసాగాను. పువ్వు పోయి ముఖం బయటపడినప్పుడల్లా సైదులు ఆగమనేవాడు.

"ఇది ఎప్పటిది బిడ్డా?"

"నాకు జరం తగ్గి సూర్యాపేట దవాఖాన నుంచి వచ్చిన దినం."

"నేనేడున్న?"

"నువ్వు ఒరిస్సా పోయినవ్."

"గీ సైకిల్ ఫొటో?"

"అప్పుడు గూడ ఒరిస్సానే."

ఆఖరి పువ్వు తీశాక సైదులు లేచాడు.

"సీడీ రేపు తీస్కపోత సారూ. పా బిడ్డా, మీ పెదనాయినను పిలిసొద్దాం."

"తలుపు తియ్యకపోతే?"

"నువ్వు ముందట నడువు. నిన్ను సూసి తీస్తడు."

ఫంక్షన్ రోజున తెర కట్టి సీడీ వేయడానికి నేనే వెళ్ళాను. వెంకన్న వచ్చాడు. ముందు వరసలో కూర్చొని మొత్తం చూశాడు. అయిపోయాక గంభీరంగా నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, సైకిల్ కాడ నేను చినిగిన బనీను మీద ఉన్న. ఇంతమందిల ఇజ్జత్ పాయె. గా ఫొటోలకెల్లి నన్ను జర తీసెయ్యకపోయినవా?"

పక్కనే కుర్చీలు సర్దుతున్న సైదులు తల తిప్పకుండానే, "తీసుడు లేదన్నా. గట్లనే ఉండనీ," అన్నాడు.

ఆ తర్వాత బతికున్నవాళ్ళ ముఖం మీద నేనెప్పుడూ పువ్వు పెట్టలేదు. ఎవరైనా ఒక మనిషిని తీసేయమంటే, వెంటనే కంప్యూటర్ ముందు కూర్చోవడం కూడా మానేశాను. ఆ ఫొటో వాళ్ళ చేతికే ఇచ్చి, ఇది ఎప్పుడు దిగారు, ఆ పూట ఇంట్లో ఎవరెవరున్నారు అని అడిగేవాణ్ణి. చెప్పి కూడా తీసేయమన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళు చెప్పినట్టే చేసిచ్చాను. కొందరు ఫొటోలు కవర్లో పెట్టుకొని, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. వాళ్ళలో ఇద్దరు మాత్రం, తీసేయమన్న ఆ మనిషిని వెంటబెట్టుకొని వచ్చారు.