నెమ్మదిగా తిరిగిన నల్ల పళ్ళెం

నా నోట్లో ఉన్న పళ్ళు మా తమ్ముడు చేసినవి. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. వాడి గురించి నేను ఏం మాట్లాడినా వాడి పళ్ళతోనే మాట్లాడాలి మరి.

వాడు పళ్ళ డాక్టరు కాదు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే దాన్నిబట్టి కట్టుడు పళ్ళు చేసే పనివాడు. ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళు వాడి చేతి పళ్ళతో నవ్వుతారు. వాడి పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు, డాక్టరు పేరే చెప్పుకుంటారు.

వాడి పనిగది మా ఇంటి కిందనే. బల్ల నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఒక పక్క మైనం కరిగించే చిన్న దీపం, ఒక పక్క గులాబీ రంగు చిగుళ్ళ పొడి, కిటికీ దగ్గర మెరుగుపెట్టే చక్రం. మా వాటా దాటి ఇంకా పైకి మెట్లెక్కితే వాడు ఉండే గది. అందులో ఒక గోడకి మంచం, మిగతా గోడలన్నిటికీ రికార్డులు. అన్నీ జాజ్ రికార్డులే. పెళ్ళెందుకు చేసుకోలేదురా అని అడిగితే, "వచ్చినావిడని ఏ గోడకి సర్దనక్కా?" అనేవాడు.

ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, వయసులో ఉండగా ఒక పెద్ద హోటలు మూతపడి సామాను అమ్మేస్తున్నారని తెలిసి, నాలుగు కుర్చీలు పట్టుకురారా అని నేనే పంపాను. కుర్చీలకి బదులు రికార్డు ప్లేయరూ, ఒక పెట్టెడు నల్ల పళ్ళేలూ మోసుకొచ్చాడు. కూర్చోవడానికేదిరా అంటే, "నేల మీద కూర్చుని కూడా వినొచ్చక్కా" అన్నాడు. చాలాకాలం నేల మీదే కూర్చున్నాం.

జాజ్ అంటే ఏమిటో నన్నడక్కండి. నేను చదివింది నాలుగో తరగతి, అదీ సగమే. అయినా విన్నది విన్నట్టు చెప్పగలను. ఒకడు పాట ఎత్తుకుంటాడు, రెండోవాడు అడ్డం వస్తాడు, మూడోవాడు వాళ్ళిద్దరినీ పట్టించుకోకుండా తన దారిన పోతాడు, చివరికి అందరూ ఏమీ జరగనట్టు ఒకచోటికి చేరతారు. మా ఇంట్లో భోజనాల దగ్గర మాటలు కూడా ఇలాగే నడుస్తాయి కాబట్టి నాకేం కొత్తగా అనిపించలేదు.

ఆ పళ్ళేలని వాడు అంచుల దగ్గర తప్ప పట్టుకోడు. పళ్ళు మెరుగుపెట్టడానికి వాడే మెత్తటి బ్రష్షుల్లో కొత్తది ఒకటి వీటికోసమే విడిగా దాచుకుని, గాడి వెంబడి దుమ్ము తుడుస్తాడు. తుడిచాక వెలుగుకి పెట్టి వంచి, చిగురు చూసినట్టు చూస్తాడు. నన్ను ముట్టుకోనివ్వడు. ముట్టుకోవాలని నాకు మాత్రం ఉందా, నా ఇంట్లో తోమే పళ్ళేలు చాలవూ!

మా ఆయనకి కూడా ఈ రోగం వాడే అంటించాడు. కానీ మా ఆయన బస్సు డ్రైవరుగా చేసి దిగిన మనిషి. పాట మధ్యలో లేచి పళ్ళెం తిరగెయ్యడం తనవల్ల కాదని సీడీల పక్షం చేరారు. మెరిసే బిళ్ళ ఒకటి తోసి, పడక కుర్చీలో కాళ్ళు చాపితే, పాటలన్నీ అయిపోయేదాకా లేవరు. అయిపోయాక కూడా లేవరు, గురక పెడుతుంటారు.

ఆదివారం వచ్చిందంటే బావాబావమరుదులు ఇద్దరికీ ఇదే తగువు.

"బావా, నీ బిళ్ళలో పాటకి ఊపిరాడదు."

"నీ పళ్ళెంలో పోపు చిటపటలు తప్ప పాటెక్కడుందిరా?"

"ఆ చిటపటలే ప్రాణం."

"అయితే మీ అక్క వంటింట్లో కూర్చుని విను, టిక్కెట్టు కూడా అక్కర్లేదు."

తమ్ముడి దగ్గర ఒక రుజువు ఉండేది. ఒక శాక్సోఫోన్ రికార్డు. నేను దాన్ని వంకర బూర అంటాను. వాడి పళ్ళెం మీద ఆ బూర లోతుగా, బరువుగా, ఏదో చెప్పబోయి ఆగి మళ్ళీ చెబుతున్నట్టు పలికేది. నాకే ఒక్కోసారి చేతిలో గరిటె ఆగిపోయేది. అదే పాట మా ఆయన సీడీలో పెడితే సన్నగా, హడావుడిగా పరుగెత్తిపోయేది. "చూశావా, చిన్న బిళ్ళలో ఇరికించాలని పాటని కుదించేశారు. గొంతు పిసికేశారు బావా!" అనేవాడు. ఏళ్ళ తరబడి ఆ ఒక్క రికార్డుతోనే వాడు గెలుస్తూ వచ్చాడు.

సంగీత వాయిద్యాలు అమ్మే దుకాణం వెనక గదిలో నెలకోసారి కొంతమంది చేరి రికార్డులు వింటారు. తమ్ముడు వెనక బెంచీలో కూర్చుని, విని, లేచి వచ్చేసేవాడు. ఒకసారి దుకాణం యజమాని వాడిని ఆపి, వచ్చే నెల మీరు మాట్లాడాలన్నాడట. ఆ సంగతి చెప్పడానికి వాడు రెండేసి మెట్లు ఎక్కొచ్చిన తీరు చూస్తే, వీడికి ఇంత వయసుందా అనిపించింది. వాడిని మాట్లాడమని అంతవరకూ ఎవరూ అడగలేదు. వాడి దగ్గరికొచ్చేవి దవడలే కానీ మనుషులు కారు.

మాట్లాడేది ఆ రుజువు గురించే. ముందు తన పళ్ళెం, తరవాత బావ సీడీ పెట్టి చూపిస్తాడట. ఆ నెలంతా పనిగదిలో గొణుగుడు వినిపిస్తుంటే తొంగి చూశాను. ప్లాస్టర్ దవడలని వరసగా పేర్చి వాటికి ఉపన్యాసం చెబుతున్నాడు. అవి నోళ్ళు వెళ్ళబెట్టుకుని వింటున్నాయి.

ఆ రోజు రానే వచ్చింది. తమ్ముడు రికార్డుని మా బల్ల మీద పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడానికి పైకెళ్ళాడు. కంట్లో పొర తీయించుకున్నప్పటి నుంచి మా ఆయనకి చిన్న అక్షరం కనబడితే చాలు, చదివి తీరాల్సిందే. సబ్బు కాగితం, మందు సీసా, చొక్కా కాలరు, ఏదీ వదలరు. పళ్ళెం మధ్యలో ఉన్న కాగితాన్నీ చదివారు.

"ఏమే, ఇలా రా. ఇక్కడ నలభై అయిదని ఉంది."

"ధరా?"

"వేగమే! నిమిషానికి అన్ని చుట్లని. పెద్ద పళ్ళేలు నెమ్మదిగా తిరుగుతాయి, చిన్నవి వేగంగా తిరుగుతాయి. ఇది పెద్దదే కానీ వేగంగా తిప్పాల్సిన రకం. మీ వాడు పరిమాణం చూసి నెమ్మది మీద పెట్టేశాడు."

"అంటే ఇన్నేళ్ళూ..."

"ఇన్నేళ్ళూ. నా సీడీలోదే అసలు పాట. వాడి రుజువు తుస్సు."

వాడు అన్న మాటలన్నిటికీ బదులు తీర్చుకునే అదను అది. అయినా మా ఆయన నవ్వలేదు. పళ్ళేన్ని అంచుల దగ్గర పట్టుకుని నిలబడ్డారు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి.

"చెప్పేద్దాం" అన్నాను.

"చెబితే వెళ్ళడే."

"చెప్పకపోతే?"

"అక్కడ కూర్చునేది జాజంటే చెవి కోసుకునేవాళ్ళు. సీడీ పెట్టగానే పట్టేస్తారు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కగలడా?"

ఇంతలో వాడు దిగొచ్చాడు, తల దువ్వుకుని, మెరుగుపెట్టిన పన్నులా. మా ఆయన చూపులు గోడ మీదికి పోయాయి. మంచి మాట కోసం వెతుక్కోవడం నాకు చేతకాదు.

"ఒరేయ్, నీ పళ్ళెం వేగంగా తిరగాలట. దాని మీదే రాసి ఉంది."

వాడు నవ్వాడు. తరవాత బావ మొహం చూసి ఆపేశాడు. రికార్డు తీసుకుని పైకెళ్ళాడు, మేమూ వెనకే వెళ్ళాం. మీట జరిపి ముల్లు పెట్టాడు. బూర గలగలా నవ్వుతూ ఉరికింది, చెప్పులు చేత పట్టుకుని వానలో పరుగెత్తే పిల్లలా. అచ్చం సీడీలో పాటే. వాడు మంచం మీద కూర్చుని రికార్డు ఆ వైపంతా విన్నాడు.

"ఇది నాది కాదక్కా" అన్నాడు. చొక్కా బొత్తాలు విప్పడం మొదలెట్టాడు. "ఒంట్లో బాలేదని చెప్పు బావా."

నాకు ఒళ్ళు మండింది. "బొత్తం పెట్టుకో! పళ్ళసెట్టు నోట్లో కుదరకపోతే ఏం చేస్తావు? దాచుకుని ఏడుస్తావా? పెట్టుకున్న మనిషి ముందే కూర్చుని, ఎక్కడ తప్పిందో చెప్పి అరగదీస్తావు కదా. నా కింది పళ్ళు ఎన్నిసార్లు అరగదీశావు, అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?"

వాడు నా నోటి వంక చూశాడు, పళ్ళు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూస్తున్నట్టు. బొత్తం పెట్టుకున్నాడు.

నేనూ వెళ్ళాను. గోడలకి గిటార్లు వేలాడుతున్న గదిలో, ఒక పెద్ద డ్రమ్ము పక్కన కూర్చోబెట్టారు. తమ్ముడు దవడలకి చెప్పిన ఉపన్యాసమంతా వదిలేశాడు. నేరుగా రికార్డుని నెమ్మది మీద పెట్టాడు. అందరూ విన్నారు. తరవాత మీట జరిపి వేగంగా పెట్టాడు. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు.

"వాయించినవాడు వాయించింది ఇది. మొదటిది నేను విన్నది. ఏళ్ళకేళ్ళు తప్పుగా విన్నాను. సీడీలని తిట్టడానికి దీన్నే రుజువుగా తెచ్చాను" అన్నాడు.

గది గొల్లుమంది. వాడూ నవ్వాడు, వేరే దారి లేక. నవ్వులు తగ్గాక ముందు వరసలో ఒక బట్టతల ఆయన, "ఆ తప్పుది ఇంకోసారి పెడతారా?" అని అడిగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కొందరు కళ్ళు మూసుకున్నారు. తమ్ముడు ప్లేయరు పక్కనే నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, జేబులోంచి బ్రష్షు తీసి పట్టుకున్నాడు. మా ఆయన సీడీ సంచీలోనే ఉండిపోయింది.

మరుసటి ఆదివారం భోజనానికి వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. మా ఆయన వాడి కోసమే కాచుకుని ఉన్నారు.

"ఏరా బావమరిదీ, రుజువు పోయిందిగా. ఇప్పుడేమంటావు?"

వాడు చెయ్యి కడుక్కుని, తీరిగ్గా తుడుచుకున్నాడు. "తప్పు నాదే బావా, ఒప్పుకున్నాను. కానీ నీ బిళ్ళ మీద ఆ తప్పు ఒక్కసారి చేసి చూపించు. నెమ్మదిగా తిప్పు, వింటాను."

మా ఆయన సీడీ ప్లేయరు ముందు వంగారు. కళ్ళు బాగున్నాయి కదా, దాని మీదున్న బొత్తాలన్నీ ఒక్కొక్కటే చదివారు. అలాంటి బొత్తం లేదు.