మా వంటింటి బల్బు

మా ఇంట్లో అన్నీ మావే గానీ వంటింటి బల్బు మాత్రం మాది కాదు. అది మాడిపోతే మార్చే హక్కు మాలో ఎవరికీ లేదు. కరెంటు మామ రావాల్సిందే. సైకిలు గేటుకు ఆనించి, చెప్పులు విడిచి, ముందు మెయిన్ స్విచ్ దగ్గరికి పోయి పింగాణీ ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటే గానీ స్టూలెక్కేవాడు కాదు. “ఒక బల్బు తిప్పేదానికి ఇల్లంతా చీకటి చేస్తావేందప్పా!” అని మా నాయన నవ్వేవాడు. మామ మాత్రం నవ్వేవాడు కాదు.

చిత్తూరులో మేము ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు నాకు పదేళ్లు. వైరింగంతా ఆయనే చేశాడు. అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మామ అయ్యాడు. గృహప్రవేశం నాడు భోజనాలయ్యాక అమ్మను పక్కకు పిలిచి చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తే.

“అమ్మా, వంటింట్లో ఆవిరి సానా. హోల్డరు తడస్తాది. ఆడ బల్బు పోతే మీరెవురూ ముట్టుకోవద్దు. నాకు కబురు పెట్టు, యాడున్నా వస్తా.”

అన్నట్టే వచ్చేవాడు. బల్బు మార్చినందుకు ఏమీ తీసుకునేవాడు కాదు. అమ్మ ఇచ్చే కాఫీ, గిన్నెడు బొరుగులు, అంతే. ఈ మనిషికి మా అమ్మ కాఫీ అంటే ప్రాణం కాబోలు అనుకునేదాన్ని, తెలివితక్కువదాన్ని.

ఒకసారి బల్బు పోయింది. వరలక్ష్మీ వ్రతం పొద్దున. ఇంటినిండా ముత్తైదువలు వచ్చే వేళ. కబురు పంపినా మామ ఊళ్లో లేడన్నారు. అమ్మకు తొందరెక్కువ. బియ్యం కడిగిన చేతులు కొంగుకు తుడుచుకుని స్టూలెక్కేసింది. చెయ్యి హోల్డరు దాకా పోయింది. అప్పుడే ఎక్కడినుంచి ఊడిపడ్డాడో మామ, వంటింటి గడపలో నిలబడి ఇల్లదిరేట్టు అరిచాడు. “ముట్టుకోవద్దు! దిగు! దిగమంటా ఉంటే!”

అంత గట్టిగా మాట్లాడటం మేమెప్పుడూ వినలేదు. అమ్మ దిగింది. కానీ నాయనకు రోషం పొడుచుకొచ్చింది. “నా ఇంట్లో నా పెండ్లాం మీద అరిచేదానికి నువ్వెవురప్పా? ఇంక ఈ గడప తొక్కొద్దు పో!” అన్నాడు. మామ పోయి ఫ్యూజు పీకాడు. బల్బు మార్చి, ఫ్యూజు మళ్లీ పెట్టి, తలొంచుకుని వెళ్లిపోయాడు.

గడప తొక్కలేదు నిజమే. కానీ రోజూ సాయంత్రం పనినుంచి పోతూ గేటు బయట సైకిలు ఆపేవాడు. నేను తొక్కుడుబిళ్ల ఆడుకుంటూ ఉంటే పిలిచి, “పాపా, వంటింట్లో బల్బు వెలగతా ఉండాదా?” అనేవాడు. వెలగతా ఉండాది మామా అంటే వెళ్లిపోయేవాడు. అదేం పిచ్చో! నా స్నేహితురాళ్లు ఆయనకు బల్బు మామ అని పేరు పెట్టారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కొన్ని నెలలకు బల్బు పోయింది. నాయన రెండు రోజులు పంతం పట్టి మా చేత లాంతరు పెట్టించి తిన్నాడు. మనిషి పులే గానీ కరెంటంటే ఆమడ దూరం. మూడో రోజు, “పోయి వాణ్ని పిలుచుకరా పో” అని నన్నే పంపాడు.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ఆ వంటిల్లే కళ్లముందుకొస్తుంది. సంగటి కెలికే కట్టె చప్పుడు, పసుప్పచ్చ వెలుతురు, గోడమీద అమ్మ నీడ. చాలా ఏళ్లకు ఎల్ఈడీ బల్బులు కొత్తగా వచ్చినప్పుడు మా వీధిలో మొదటిది మా వంటింట్లోనే వెలిగింది. మామే తెచ్చి పెట్టాడు. “ఇది సానా ఏండ్లు వస్తాదంట పాపా” అని చెప్తుంటే ఆయన ముఖం పెళ్లి కుదిరినంత సంతోషంగా ఉంది.

నాయన పోయాడు. నేను స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ అమ్మతో ఈ ఇంట్లోనే ఉండిపోయాను. ఇల్లు ముసలిదైంది. మోటారు వేస్తే లైట్లన్నీ మసకబారేవి. మిక్సీ ప్లగ్గు నల్లగా మాడింది. మామకు కళ్లలో పొరలొచ్చి స్టూలెక్కడం మానేశాడు. అయినా నెలకోసారి నడుచుకుంటూ వచ్చి, గేటు పట్టుకుని అదే ప్రశ్న అడిగి పోయేవాడు. ఆయనకు చెప్పకుండా వేరే మనిషిని పిలవాలంటే నాకు దొంగతనం చేసినట్టుండేది. కానీ ఎన్నాళ్లు? చివరికి బజారులో కరెంటు సామాన్లమ్మే షాపులో అడిగితే ఒక ఎలక్ట్రీషియన్ని పంపారు.

అతను నెమ్మదస్తుడు. ఒక్కో గదీ చూసుకుంటూ వంటింటికి వచ్చాడు. స్విచ్ ఆపి, బల్బు తీసి, హోల్డర్లో టెస్టర్ పెట్టాడు. టెస్టర్లో ఎర్రగా వెలిగింది.

“అక్కా, ఇట్రా. స్విచ్ ఆపినా గదా? ఈడ కరెంటు ఎట్లుండాది సూడు.”

నాకర్థం కాలేదు. అతనే విడమరిచి చెప్పాడు. “స్విచ్చిని కరెంటొచ్చే తీగకి పెట్టాల. ఈడ తిరిగిపోయే తీగకి పెట్టినారు. స్విచ్ ఆపితే బల్బు ఆరతాది గానీ హోల్డర్లో కరెంటు అట్లనే ఉంటాది. తడిచేత్తో ముట్టుకునుంటే మనిషి దక్కదు. ఎవురక్కా ఇది చేసింది?”

ఎవరని చెప్పను! ఆ అరుపు, గేటు దగ్గర ఆ ప్రశ్న, ప్రతిసారీ ఫ్యూజు పీకడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆయనకు తెలుసు. మొదటిరోజు నుంచీ తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాడు.

అతను సాయంత్రానికల్లా గోడ పగలగొట్టి, లోపల పూడిపోయిన అతుకు పట్టుకుని, సరిచేశాడు. నా కోపం మాత్రం చల్లారలేదు. “తడిచేతుల్తో ఇన్నేండ్లు దాని కిందనే తిరిగినావే అమ్మా! సచ్చిపోయుంటే?” అన్నాను.

అమ్మ గోడకింద రాలిన సున్నం ఊడుస్తూ తలెత్తింది. “సావనీలేదు గదమ్మే ఆయన” అంది.

అదెట్లా సమాధానమవుతుంది? తెల్లవారగానే మామ ఇంటికి బయల్దేరాను. మామా లేదు, గీమా లేదు, కడిగేసి రావాలనే పోయాను. గుమ్మంలో ఆయన కూతురు కనిపించింది. తిరుపతిలో ఉంటుంది, తండ్రిని తీసుకుపోదామని వచ్చిందట. “ఎన్నిసార్లని రావాల అక్కా? రానంటాడు. ఈడ పనుండాదంట. కండ్లు కనపడని మనిషికి ఏం పని?” అని నా దగ్గర గోడు వెళ్లబోసుకుంది.

మామ మంచంమీద కూర్చుని ఉన్నాడు. నా అడుగు విని, “పాపా, బల్బు పోయినాదా?” అన్నాడు.

“పోలేదు. గోడ పగలగొట్టించినాను” అన్నాను. ఆయన ముఖంలో రక్తం చుక్క లేదు. నేను ఆగలేదు. “ఈ సంగతి నాకు తెలీదని కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తావా మామా?”

“చెయ్యలేను పాపా. తెలుసు” అన్నాడు. అంతా చెప్పుకొచ్చాడు. “తెల్లారితే గృహప్రవేశం. రేత్రి సరిసూసుకుంటే తప్పు బయటపడె. అప్పుటికే గోడకి సున్నం గూడా కొట్టేసినారు. నేను ఒంటిగా ఒప్పుకున్న మొదటి ఇల్లది. మీ నాయనకి చెప్తే ఇంక ఈ ఊర్లో నన్నెవురు పిలస్తారు? పండగైనాక చెప్దాములే అనుకుంటి. ఒక ఏడు పాయ. ఏడాది దాపెట్టినోణ్ని ఎట్ల చెప్పేది? అట్లా ఏండ్లు పెరిగే కొద్దీ నోరు పడిపాయ. ఇంక ఆ బల్బుకి కావిలన్నా కాద్దాం అనుకుంటి.”

కోపం పోలేదు. కానీ ఏడుపొచ్చింది. ఆయన మంచం పక్కనే నేలమీద కూర్చుండిపోయాను.

“సరిచేసినాడా?”

“చేసినాడు.”

“స్విచ్ ఆపి టెస్టర్ పెట్టి సూసినావా? వాడు చెప్పింది నమ్మేసినావా?”

“నేనే పెట్టి సూసినా మామా. వెలగలేదు.”

“రెండుసార్లు సూసినావా?”

“మూడుసార్లు సూసినా.”

ఆయన తలాడించాడు. చేత్తో తడుముకుంటూ లేచి, వాకిట్లో ఉన్న కూతుర్ని కేకేశాడు. “అమ్మా, నా బట్టలు సర్దు. తిరపతికి పోదాం. ఈడింక నాకు పని లేదు.”

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది. ఆయన సంచి నేనే పట్టుకుని బస్టాండు దాకా వెళ్లాను, సీటు చూసి కూర్చోబెట్టాను. టిక్కెట్లు ఇంకా కొట్టనేలేదు, డ్రైవరు కింద టీ తాగుతున్నాడు. కూతురు నీళ్ల సీసా తీసి ఇవ్వబోతే ఆయన పలకలేదు. కంగారుగా వంగి చూశాం. అంత గోలలో, కిటికీ కమ్మీకి తల ఆనించి, మామ హాయిగా నిద్రపోతున్నాడు.