మా ఊరికి కనబడని గ్రహణం

నా పై పెదవి మీద, ముక్కుకు కాస్త ఎడమగా, ఒక చీలిక ఉంది. ఊళ్లో దాన్ని గ్రహణం మొర్రి అంటారు. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ కత్తి పట్టుకుని ఏది కోసినా ఆ గాటు లోపలి బిడ్డ పెదవి మీద పడుతుందని నమ్మకం. అందుకని నా మొహం చూసిన ప్రతివాళ్లకూ ముందు కనబడేది నేను కాదు, మా అమ్మ చేసిందనుకునే తప్పు.

నన్ను అన్న మాటలు నేను మరిచిపోలేదు. ఎవరు, ఏ అరుగు మీద, ఏ పండుగ నాడు అన్నారో ఈ వయసులో కూడా చెప్పగలను. నల్లగొండలో ఉర్దూ బడికి పోయిన మొదటి వారంలోనే, పే, బే, మీమ్ అక్షరాలు నా నోట్లోంచి సగం గాలిగా పోతుంటే, సారు పిల్లలందర్నీ కడుపునిండా నవ్వనిచ్చి, ఆ తర్వాత మళ్లీ చెప్పమన్నాడు. మూడుసార్లు చెప్పించాడు. ఒక పెళ్లిలో సన్నాయి వింటూ నిలబడితే, "నీకూ ఒకటిమ్మంటవా, ఊదుతవా?" అని ఒకడు అడిగాడు. ఆ తర్వాత వాడింట్లో మూడు పెళ్లిళ్లయ్యాయి. నేను ఒక్కదానికీ పోలేదు. ఎందుకు రాలేదని వాడెప్పుడూ అడగలేదు కూడా. అదీ నాకు గుర్తుంది.

అయితే అవి నా మీద పడ్డ మాటలు. అమ్మ మీద పడ్డవి వేరు. ఊళ్లో ఎవరైనా నీళ్లోసుకున్నారని తెలిస్తే ఆ ఇంటి ముందునుంచి అమ్మ నడిచేది కాదు. ఎవరూ పోవద్దనలేదు. ఆమే చుట్టూ తిరిగి, గుట్ట కింది బాటన పోయి, బావి దగ్గర తేలేది. నేను చిన్నప్పుడు ఆ బాటే బావికి దగ్గర దారి అనుకునేవాణ్ణి.

ఆ చైత్ర పున్నమి సంగతి అమ్మ నాకు ఒక్కసారే చెప్పింది. తెల్లవారుజామున గాలిదుమారం లేచి చెలకలోని రెండు చెట్ల మామిడికాయలు రాలిపోయాయట. రాలిన కాయ నిలవదు, ఆ పూటే కోసి ఉప్పులో వేయాలి. కత్తిపీట తెచ్చి అమ్మ ముందు పెట్టింది అవ్వ, అంటే మా బాపును కన్న తల్లి. కాయలు గంపతో తెచ్చి పోసిందీ అవ్వే. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అమ్మ కోస్తూ కూర్చుంది. చేతులు పుల్లగా మండాయని, ఇల్లంతా పచ్చి మామిడి వాసన అని చెప్పింది. కార్తీకంలో నేను పుట్టాక, నా మూతి చూసి, అవ్వ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. "చైత్ర పున్నమికి గ్రహణం అని ఉగాది నాడు అయ్యగారు సదివిండు. ఆ పొద్దు ఇది కాయలు కోసింది" అన్నది. కొయ్యమన్నది ఎవరో ఆ మాటలో లేదు.

"ఆ రోజు ఇంట్లో ఎవరన్న గ్రహణం పట్టుస్నానం చేసిండ్రా అమ్మా? కుండల నీళ్లు పారబోసిండ్రా?" అని నేనడిగాను.

"లేదు బిడ్డా. అందరు తిన్నరు, పన్నరు. ఎవలు ఆకాశం దిక్కు చూసింది గూడ లేదు."

అప్పటినుంచీ నా లోపల ఒక సందేహం పడుకుని ఉండిపోయింది.

నాకు పద్దెనిమిదో ఏడు నడుస్తుండగా, అంటే పోలీసు చర్యకు ముందటి ఎండాకాలంలో, అక్క ఏడో నెలతో తొలి కాన్పుకు ఇంటికి వచ్చింది. రజాకార్ల భయంతో పొద్దుగూకితే వీధులు మూసుకుపోయే రోజులు. రాత్రి బండ్లు కట్టేవాళ్లు కాదు కాబట్టి తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదరకముందే తెచ్చి దించారు. వారం తిరగకుండానే ఉగాది వచ్చింది. అయ్యగారు పంచాంగం చదువుతూ, రాబోయే చైత్ర పున్నమి నాడు, పొద్దుగూకిన కాసేపటికి, చంద్రగ్రహణం అన్నాడు. అవ్వ చెయ్యి ఆడిస్తున్న విసనకర్ర ఆగిపోయింది.

మా ఊళ్లో కడుపుతో ఉన్న మనిషిని గ్రహణం పట్టి విడిచేదాకా చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెడతారు. వేళ్లు ముడవకూడదు, గోకకూడదు, పక్కకు ఒత్తిగిలకూడదు. అలా కదలకుండా చూడడానికి, భయపడకుండా మాట్లాడడానికి, ఒక పెద్ద మనిషి పక్కన కూర్చోవాలి. ఆ కూర్చునేది ఎప్పుడూ పిల్ల తల్లే.

"పక్కింటి పెద్దమ్మను పిలుస్త" అన్నది అవ్వ, అమ్మ వైపు చూసి. "దీన్ని నాలుగు దినాలు దీని తమ్ముని ఊరికి పంపుండ్రి. దీని చెయ్యి ఆ పొద్దు ఈ ఇంట్ల ఉండద్దు."

అక్క లోపలినుంచి ఏడ్చింది. "నాకు అమ్మనే గావాలె. పెద్దమ్మ గుర్రుపెట్టి పంటది, నన్నేం చూస్తది!"

బాపు చుట్ట ఆర్పుకుని లేచి చెలకకు పోయాడు. బాపు అలా పోవడం కూడా నేను మరవలేదు. పున్నమి ఇంకా దూరం ఉండగానే అమ్మ రెండు చీరలు మడిచి మూట కట్టింది. ఆ ముడి చూస్తుంటే, ఇన్నేళ్లుగా ఆమె ఆ మూట కడుతూనే ఉందేమో అనిపించింది.

మర్నాడు నేను అయ్యగారింటికి పోయాను. ఆయన పాత పంచాంగాలన్నీ కట్టలు కట్టి అటక మీద పెట్టుకునే మనిషి. వాకిట్లో నిలబెట్టి, తన జపం, ఫలహారం అన్నీ అయ్యాక, నా నీడ పొట్టిదై కాళ్ల కిందికి చేరాక, "ఏంరా మొర్రోడా" అన్నాడు. ఆ మాట ఒక పక్కన పెట్టుకున్నాను.

"నేను పుట్టిన ప్రమోదూత ఏటి పంచాంగం చూడాలె అయ్యగారూ."

"అది చెదలు తిన్నది."

"మరెట్ల తెలుస్తది? ఆ ఏడు చైత్ర పున్నమి గ్రహణం మనకు కనబడ్డదా, లేదా?"

ఆయన లోపలికి పోయాడు. పోయాడు గదా, ఇక రాడనుకున్నాను. ఎర్ర గుడ్డలో చుట్టిన పాత పుస్తకం ఒకటి తెచ్చి అరుగు మీద విప్పాడు. ఆయన తాత, తండ్రి తమ కళ్లతో చూసిన గ్రహణాలు మాత్రమే రాసిపెట్టిన పుస్తకం.

"గ్రహణాలు గాలికి తిరిగేటివి కావురా. ఒక్కో గ్రహణానికి ఒక్కో బాట ఉంటది. రెండు వందల ఇరవై మూడు పున్నములు పోతే అదే గ్రహణం మల్ల వస్తది. పద్దెనిమిదేండ్ల మీద పది, పదకొండు దినాలు. కాని వచ్చినప్పుడల్ల ఇరవై గడియలు, అంటే ఎనిమిది గంటలు, ఆలస్యంగ వస్తది. ఇగో చూడు. మా తాత చూసిండు, కాముని పున్నమి నాడు, పొద్దుగూకినంక. పావు వంతు పట్టింది. మల్ల అదే గ్రహణాన్ని మా నాయిన చూసిండు. ఎప్పుడు? తెల్లారుజామున, కోడి కూసే యాళ్లకు. దాని తర్వాతది ఏది?"

ఆయన వేలు పెట్టిన చోట ఏమీ రాసి లేదు.

"ఈ వచ్చేది గూడ ఆ బాటదే. ఆ లెక్క నువ్వే చెయ్. ఉర్దూల చదివితివిగద, లెక్క ఏ భాషలైనా ఒక్కటే" అన్నాడు.

అరుగు అంచున కూర్చుని మట్టిలో పుల్లతో చేశాను. ఈ వచ్చే పున్నమినుంచి వెనక్కి. పద్దెనిమిది పన్నెండ్లు రెండు వందల పదహారు. మధ్యలో వచ్చిన అధిక మాసాలు ఏడు. మొత్తం రెండు వందల ఇరవై మూడు. పుల్ల పోయి సరిగ్గా ప్రమోదూత చైత్ర పున్నమి మీద నిలబడింది. అమ్మ కాయలు కోసిన పున్నమి. ఈసారి పొద్దుగూకాక వస్తోంది కాబట్టి, అప్పుడు ఇరవై గడియలు ముందు వచ్చి ఉండాలి. అంటే పట్టపగలు, పొద్దు నడినెత్తికి ఎక్కేముందు.

"అందుకే ఆ జాగా ఖాళీ" అన్నాడు అయ్యగారు. "పగటి పూట చంద్రుడు మన కాళ్ల కింద ఉంటడు. ఎవలు చూడలే, ఎవలు రాయలే."

ఇంటికి వస్తుంటే ఎండ తెల్లగా కాస్తోంది. చెలకల మీద గాలి వణుకుతోంది, దూరపు గుట్టలు నేలనుంచి విడిపోయి తేలుతున్నట్టున్నాయి. ఆ బాట మీద నేను నడుస్తున్నానో, నన్నెవరైనా నడిపిస్తున్నారో తెలియలేదు. ఒక గ్రహణం ఊరూరూ తిరిగే మనిషిలా నా కళ్ల ముందు కదిలింది. ఒకసారి మా ఊరికి సాయంత్రం వస్తుంది. మరోసారి కోడికూత వేళకు వస్తుంది. ఇంకోసారి మనకు మొహం చూపించకుండా భూమి అడుగునుంచి దాటిపోతుంది, మామిడి వేళ్ల కిందినుంచి, బావుల అడుగు రాళ్ల కిందినుంచి. అక్కడెక్కడో, పేరు తెలియని సముద్రం ఒడ్డున, వేరే మనుషులు తలలెత్తి దాన్ని చూస్తూ ఉంటారు. సరిగ్గా ఆ గడియలోనే ఇక్కడ మా అమ్మ, ఇంకా పుట్టని నన్ను కడుపులో పెట్టుకుని, కత్తిపీట ముందు కూర్చుని ఉంది. వాళ్ల రాత్రి, మా పగలు ఒకదాని వీపుకు ఒకటి ఆనుకుని ఉన్నాయి. మధ్యలో ఈ మట్టే. కాళ్లు కాలుతుంటే చెప్పులు చేత పట్టుకుని నడుస్తున్నానని ఊరు దగ్గరపడ్డాక గానీ గమనించలేదు.

ఇంట్లో చెప్తే అవ్వ వినలేదు. "అయ్యగారు నాకు చెప్పమను" అన్నది. అయ్యగారికి చెప్తే, "మీ అవ్వను రమ్మను" అన్నాడు. ఇద్దరి మధ్యా నేను రోజుకు రెండుసార్లు తిరిగాను. మీరు రాకపోతే మీ వాకిట్లోనే పడుకుంటానని చివరికి ఆయనతో అన్నాను. నిజంగానే పడుకున్నాను కూడా, ఒక మధ్యాహ్నమంతా. పున్నమి నాటి పొద్దున, అమ్మ మూట గడప దగ్గర ఉండగా, ఆయన మా ఇంటి ముందు వచ్చి నిలబడ్డాడు.

"ఏం పెద్దమ్మా, నీ మనుమడు నా ప్రాణం తీస్తాండు" అన్నాడు.

"మొండిపీనుగ. తల్లి పోలిక" అన్నది అవ్వ.

ఆయన అంతా చెప్పాడు. అవ్వ కళ్లు చికిలించి విన్నది. "అంటే ఆ పూట గ్రహణం ఉన్నట్టేగద! ఇది కాయలు కోసే యాళ్లకే!"

ఆ సంగతి నాకూ తెలుసు, అది అవ్వకు తట్టకూడదని మొక్కుకుంటున్నాను.

"ఉన్నది. మన కాళ్ల కింద ఉన్నది. కంటికి రాని గ్రహణానికి మైల లేదు, స్నానం లేదు, తప్పు లేదు. శాస్త్రం మాట. ఆ పొద్దు నేను గూడ మామిడికాయ పప్పు తిని పన్న."

"మరి ఉగాది నాడు గ్రహణం అని ఎందుకు సదివినవ్?"

"మనకు కనబడదు అని గూడ సదివిన. అప్పటికే మీరందరు పచ్చడి మీద పడితిరి, ఎవలు విన్నరు?"

అవ్వ నా మొహం వైపు వేలు చూపించింది. "మరి వీని మూతి?"

"అది నాకు తెల్వది" అన్నాడు అయ్యగారు. ఇంకా నిలబడితే ఏం అడుగుతుందోనని కాబోలు, వెంటనే పోయాడు.

అవ్వ తప్పయిందని అనలేదు. ఈ మాట నేను ఊరికే రాయడం లేదు. పద్దెనిమిదేళ్లు అన్న నోరు ఒక్కసారి, ఒక్క ముక్క, వెనక్కి తీసుకుని ఉండవచ్చు. తీసుకోలేదు. చాలాసేపు తమలపాకు నమిలి, గోడ వైపు చూస్తూ, "పిల్ల ఏడుస్తాంది. గ్రహణం ఇడిసేదాంక నువ్వే కూసో. ఇడిసినంక నేను చూసుకుంట" అన్నది అమ్మతో. అంతే. విడిచేదాకా మాత్రమే.

సాయంత్రం గది మూశారు. కిటికీకి గోనెపట్టా కట్టారు. అమ్మ లోపలికి పోయింది, తలుపు పడింది. అవ్వ ఆ తలుపుకు ఆనుకుని వసారాలో కూర్చుంది. ఆకాశం చూసి చెప్పే పని నాకు అప్పగించింది.

గుట్ట మీద చంద్రుడు లేచాడు, ఎండాకాలపు దుమ్ములో పండు రంగులో. కాసేపటికి అంచున ఒక చోట మసకబారింది. మీరు ఊహించుకునే గ్రహణం కాదు అది. గోరంత. గిచ్చినంత. ఈ గ్రహణం ముసలిదైపోయిందని, వచ్చిన ప్రతిసారీ చిక్కిపోతోందని, ఇక ముందు వచ్చినా అంచు కొరికే బలం ఉండదని అయ్యగారు చెప్పాడు. తాతల నాడు పావు వంతు మింగినది ఇప్పుడు ఇంతే మిగిలింది. వీధిలో దీపాలు లేవు. కుక్కలు కూడా అరవలేదు. ఊరంతా నీళ్ల అడుగున ఉన్నట్టు ఉంది. నేను ఆ మసక చోటునే చూస్తూ నిలబడ్డాను. అమ్మ మీద మోపిన నేరం అక్కడ, అంత ఎత్తున, అంత చిన్నగా, మెల్లగా కరిగిపోతోంది.

గడియన్నర కూడా పట్టలేదు. అంచు శుభ్రపడింది, చంద్రుడు నిండుగా నిలిచాడు. చెబుదామని వెనక్కి తిరిగాను.

అప్పుడు మూసిన గది లోపలినుంచి నవ్వు వినబడింది. ముందు అక్క నవ్వింది. తర్వాత అమ్మ. ఏం మాట్లాడుకుంటున్నారో తెలియదు. గుసగుసలు, మళ్లీ ఆపుకోలేని నవ్వు, "కదలకే, కదలకు" అని అమ్మ గొంతు. అమ్మకు అలాంటి నవ్వు ఉందని నాకు అంతవరకూ తెలియదు.

అవ్వ తల ఎత్తి ఆకాశం వైపు చూసింది. ముసలి కళ్లకు ఆ వెలుగు తప్ప ఏమీ అందినట్టు లేదు.

"ఇడిసిందారా?" అని అడిగింది.

"ఇంకా లేదవ్వా" అన్నాను.

ఇంకొంచెంసేపటికి మళ్లీ అడిగింది. చంద్రుడు గుట్టను వదిలి మా ఇంటి మీదికి ఎక్కుతున్నాడు, వాకిలంతా పాలు ఒలికినట్టుంది.

"ఇంకా ఉన్నదవ్వా. ఈసారి గట్టిగా పట్టింది. నువ్వు కూసో."