స్ఫటికం రెండో ముక్క

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను గుంటలమ్మ అనేవారు. కొలిమిలో పెంచిన స్ఫటికం పైకి ఎంత నున్నగా కనిపించినా, లోపల ఎక్కడో అణువుల వరుస తప్పి ఉంటుంది. ఆమ్లంలో కాసేపు ముంచి తీస్తే, సరిగ్గా ఆ తప్పులున్న చోటల్లా సన్నటి గుంటలు పడతాయి. వాటిని మైక్రోస్కోపులో చూడటమే ఆమె జీవితమంతా చేసిన పని. మనుషుల్లో తప్పులు పట్టడం మాత్రం అక్కకి చేతకాదని చెల్లెలు దెప్పేది.

ఇప్పుడు ఆ గది ఖాళీ చేస్తున్నారు. పాత స్ఫటికాలన్నీ సాయంత్రం బండిలో పారబోయిస్తున్నారని తెలిసి, రిటైరైన మనిషి ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చింది. ఆమెకు కావలసింది ఒకే ఒక్క ముక్క.

పెళ్లికి ముందు, ఎదురుబల్ల దగ్గర పనిచేసే ఆయన ఒక స్ఫటికాన్ని రెండుగా చీల్చి, ఒక సగం ఆమెకిచ్చి రెండోది తను తీసుకున్నాడు. రెండు ముఖాల మీదా గుంటలు అద్దంలో చూసినట్టు ఒకే తీరున పడాలి. ఆమెది ముచ్చటగా వచ్చింది. ఆయన తన ముక్కను ఆమ్లంలో మరిచిపోయాడు. గుంటలు పెద్దవై ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

"మీ ధ్యాస ఎక్కడుందండీ? నా పని కూడా నాశనం చేశారు కదా!" అని ఆమె మండిపడింది.

"గడియారంకేసే చూస్తున్నానండీ, ఒట్టు!" అన్నాడాయన నీళ్లు నములుతూ.

ఆయన పోయి ఏడాది దాటింది. ఇంట్లో తన సగం కంటబడినప్పుడల్లా రెండోదాని కోసం ఆమె ప్రాణం కొట్టుకునేది.

గదిలోని మైక్రోస్కోపుల్లో ఆయన బల్ల మీదిది ఒక్కటే మిగిలింది. ఆమె మొదటిసారి ఆయన స్టూలు మీద కూర్చుంది. అప్పట్లో ఎవరి చోటు వాళ్లదే, ఇంకొకరు కూర్చుంటే ఫోకస్ చెడగొట్టారని గొడవలయ్యేవి. చీటీలు ఊడిపోయిన ముక్కల్ని ఒక్కొక్కటే తన ముక్క పక్కన పెట్టి చూసింది. కళ్లు లాగేశాయి. చివరికి దొరికింది. అదే తీరు, తిరగబడి, బాగా పెద్దవైన గుంటలు.

"అది పాడైపోయిందక్కా," అంది ఆమె దగ్గరే పని నేర్చి ఇప్పుడు పెద్ద కుర్చీలో కూర్చున్న అమ్మాయి. "ఎవరో ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచేశారు."

"ఎవరో ఏంటే, మీ బావగారే!"

నవ్వుతూనే, బండికి ఇంకెంత వేళ ఉందోనని ఆమె తలెత్తింది. ఎదురుగా గడియారం లేదు. అది వెనక గోడ మీద, ఎప్పుడూ ఉన్నచోటే ఉంది. తన చోటు నుంచి ఆయన తల మీదుగా రోజూ చూసిన గడియారమే. అప్పట్లో ఆయన స్టూలు మీంచి కనిపించేది ఎదురుగా తన స్టూలు ఒక్కటే.

"దొంగ మనిషి," అంది ఆమె. "ఒట్టు కూడా వేశాడు."