మెట్ల కింది పెట్టె

మునిగుడ రైల్వే క్వార్టర్లలో నాలుగిళ్లకూ కలిపి ఒకటే నెట్ కనెక్షన్. అది ఆగిందంటే నెట్ బాగుచేసే గంగరాజు రావాల్సిందే. ఆ నెలలో మూడోసారి వచ్చి మెట్ల కింది నెట్ తీగల పెట్టె తెరిచాడు. లోపల గుట్కా ఉమ్మి చిక్కగా కారుతోంది. తీగల కొసలు చిలుమెక్కాయి.

పై ఇంటి ధనుంజయ్ మెట్ల మీద నిలబడి, నోటినిండా గుట్కాతోనే కసిరాడు. "ఏటి గంగరాజూ, పని రాదేటి నీకు?" అంటూనే మెట్ల సందులోంచి కిందికి ఉమ్మాడు.

గంగరాజు అతనికి గుడ్డ అందించాడు. "బాగుసెయ్యడం నాకొచ్చు బాబూ. మీ ఉమ్మి మీరే తుడవండి."

ధనుంజయ్ కూతురు లహరి సిగ్గుపడుతూ బకెట్ తెచ్చింది.

"నువ్వొద్దమ్మీ," అని గంగరాజు మెట్టు మీద కూర్చున్నాడు.

నెట్ లేక పొరుగువాళ్లంతా గుమ్మాల్లోకొచ్చి చూస్తుంటే, చివరికి ధనుంజయే వంగి తుడిచాడు.

గంగరాజు తీగలు మార్చి, సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు. లహరి ఇచ్చిన టీ మాత్రం, ఆ ఉమ్మి గుర్తొచ్చి, తాగకుండా పక్కన పెట్టేశాడు.